చిల్లుల్లేని ఆకు

గుమ్మలబంద,
జనవరి 19

ఒరేయ్ శంకరూ,

క్షేమంగా చేరాను. పాడేరు దాటాక బస్సు ఎక్కడ ఆగిందో రోడ్డూ అక్కడే ఆగింది. అక్కణ్నుంచి మందుల పెట్టెలతో పాటు నన్నూ జీపులో వేసి తెచ్చారు. ఆసుపత్రి అంటే నాలుగు మంచాలు, ఒక ఫ్రిజ్, ఒక నర్సు. ఆ నర్సు నేనే. ఫోన్ సిగ్నల్ కావాలంటే ఎదురు గుట్ట ఎక్కాలి. ఎక్కినా నీకు చేసి లాభం లేదు. ఎవరో పంచిన కరపత్రం చదివి, ఫోన్ మనిషికి సంకెల అని అమ్మేసుకున్నవాడివి నువ్వు. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం. తపాలా ఇక్కణ్నుంచి వారానికోసారి కిందికి దిగుతుంది.

ఇంతకీ నా మాన్‌స్టెరా మొక్క సంగతి. ముందు గదిలో తూర్పు కిటికీ పక్కన, అద్దానికి మూడడుగుల దూరంలో స్టూలు మీద ఉంది. అక్కడే ఉండాలి. కిటికీ తెరవకు. రేవు నుంచి బొగ్గు పొడి రాకుండా అంచులకి టేపు వేసి మూడేళ్లయింది. ఆ గరుకు అద్దంలోంచి వచ్చే వెలుతురు దానికి సరిపోతుంది. వారానికోసారి ఆకుల్ని తడిగుడ్డతో తుడువు. డ్యూటీ నుంచి వచ్చాక రోజూ అరగంట దాని ఎదురుగా కూర్చునేదాన్ని. ఇక్కడ ఆ అరగంటే తోచడం లేదు.

నువ్వు ముందు గది పఠన మందిరానికి ఇమ్మన్నావు. అద్దెకి అడుగుతున్నవాళ్లూ ఉన్నారు. నోటి దురుసుతో పరవాడలో ఒక ఉద్యోగం, అచ్యుతాపురంలో ఒకటి పోగొట్టుకుని ఇప్పుడు జెరాక్స్ షాపులో కూర్చున్నావు. తిరిగి ఒక్క మాట అనలేని ప్రాణిని ఐదు నెలలు చూసుకోగలవేమో చూస్తాను. జూన్‌లో నేను సెలవు మీద వచ్చేసరికి మొక్క బతికి ఉంటే గది నీది. లేకపోతే అద్దెకిస్తాను.

నీ అక్క,
కామేశ్వరి

•

మల్కాపురం, విశాఖపట్నం,
ఫిబ్రవరి 3

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసులో నీతో పోట్లాడాను. మూడో రోజు ఓడిపోయాను కాబట్టి రాస్తున్నాను.

ఒక ప్రాణిని గదిలో నిలబెట్టి, ఇంత వెలుతురే నీకు చాలు అని మూడడుగుల కొలత వెయ్యడానికి మనం ఎవరం? సూర్యుడు ఎవరి సొత్తూ కాదని వాదించే చిన్న పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. పన్నెండు పేజీలు. అందులో తొమ్మిది చదివాను. మిగతా మూడూ టీ ఒలికి అతుక్కుపోయాయి. బహుశా నీ వాదన ఆ మూడు పేజీల్లో ఉందేమో. తొమ్మిది పేజీల ఆవేశం చాలినంత ఉండటంతో మొక్కని మేడ మీదికి ఎక్కించాను. కుండీ నా అంచనా కంటే బరువు. పన్నెండో మెట్టు దగ్గర సిద్ధాంతం కాస్త సడలింది గానీ, వెనక్కి దించాలన్నా అంతే కష్టమని పైకే నడిచాను.

ఇప్పుడు అది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా స్వేచ్ఛగా ఉంది. రెండు ఆకులకి కొంచెం రంగు వచ్చింది. తెలుపూ గోధుమా కలిసిన మచ్చలు. ముట్టుకుంటే అట్టముక్కలా గరగరమంటున్నాయి. స్వేచ్ఛకి అలవాటు పడే దశ అనుకుంటున్నాను.

ఆకులు తుడవమన్నావు. తుడవను. ఆ నల్ల పొడి ఈ పేట ఊపిరితిత్తుల్లోకి ఏం పోతోందో చెప్పే సాక్ష్యం. సాక్ష్యాన్ని తడిగుడ్డతో తుడిచేసేవాణ్ని ఏమంటారో నీకు చెప్పక్కర్లేదు.

నీ తమ్ముడు,
ఉమాశంకర్

•

గుమ్మలబంద,
ఫిబ్రవరి 14

శంకరూ,

అది రంగు కాదు, కాలిన గాయం. ఈ ఉత్తరం అందగానే చదవడం ఆపి, మొక్కని కిందికి దించి, తర్వాత మిగతాది చదువు.

దించావా? ఇప్పుడు విను. అది పెద్ద పెద్ద చెట్ల కింద పుట్టిన జాతి. దాని నెత్తిన ఎప్పుడూ ఎవరో ఒకరి నీడ ఉంటుంది. ఇక్కడ కాఫీ తోటలు చూస్తున్నాను. పైన సిల్వర్ ఓక్ చెట్లు గొడుగు పట్టకపోతే కింద కాఫీ మాడిపోతుంది. అలాగని చీకట్లోనూ బతకదు. దానికి వెలుతురు కావాలి, ఎండ వద్దు. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే నువ్వు దెబ్బతిన్నావు.

ఒక పరీక్ష చెబుతాను. పొద్దున్న పదింటికి మొక్క ఉన్నచోట తెల్లకాగితం పెట్టి, దాని మీద అడుగు ఎత్తున చెయ్యి చాపు. నీడ అంచులు కత్తిరించినట్టు పడితే ఎండ ఎక్కువైనట్టు. అసలు నీడే పడకపోతే చీకటి. చెయ్యి అని పోల్చుకునేంత మసగ్గా పడితే, అదే దాని చోటు.

ఆకులు తుడువు. పొడి పేరుకుంటే ఉన్న వెలుతురు కూడా ఆకులోకి దిగదు. సాక్ష్యం కావాలంటే తుడిచిన గుడ్డ దాచుకో.

అక్క

•

మల్కాపురం,
మార్చి 20

అక్కా,

గుడ్డ దాచాను. పాలిథిన్ కవరులో పెట్టి, తేదీ వేసి, కింద సంతకం చేశాను. ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. ఈ నెలంతా ప్రజాజీవితంలో గడిచింది.

నేనూ నాగవంశీ కలిసి ‘గాలి వెలుతురు హక్కుల వేదిక’ పెట్టాం. నాగవంశీ తెలుసుగా, మన వీధి చివర ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో పని. తను కన్వీనర్, నేను సిద్ధాంతకర్త. మూడో సభ్యుడు టీ కోసం వస్తున్నాడు. టీ అయ్యేదాకా మాత్రం నిబద్ధతతో కూర్చుంటాడు. ఫిబ్రవరి నెలాఖరున మన మేడ పిట్టగోడ నుంచి వీధివైపుకి పదిహేనడుగుల ఫ్లెక్సీ వేలాడదీశాం. ఎర్రటి నేల మీద తెల్లటి అక్షరాలు: ‘వెలుతురు మా హక్కు! గాలి మా హక్కు!’ వాళ్లు తాళ్లు కడుతుంటే నేను కింద వీధిలో నిలబడి ప్రసంగించాను. ఇద్దరు ఆగి విన్నారు. ఒకాయన ఫ్లెక్సీలో రియల్ ఎస్టేటు ప్లాట్ల ధర ఎక్కడ రాశామని అడిగాడు.

మొక్క దాని స్టూలు మీదికి తిరిగి వచ్చింది. ఈమధ్య ఉదయం పూట గదిలో ఒక రకమైన ఎర్రటి కాంతి పరుచుకుంటోంది. చూడటానికి గొప్పగా ఉంది. ఏదో ఉదయిస్తున్నట్టు అనిపిస్తుంది. ఇక అసలు శుభవార్త. నువ్వు పెంచినన్నాళ్లూ వచ్చిన ఆకులన్నిటికీ చిల్లులూ చీలికలే. పురుగు తిన్నదో, పోషణ తక్కువైందో, నిన్ను బాధపెట్టడం ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నా సంరక్షణలో మొదటి ఆకు వచ్చింది. చిన్నదే గానీ నిండైన ఆకు. ఒక్క చిల్లు లేదు! చేతినీడ పరీక్ష చెయ్యలేదు. పాసైపోయాక పరీక్ష రాయడం ఎందుకు?

పఠన మందిరానికి బల్లలు చూస్తున్నాను.

ఉమాశంకర్

•

గుమ్మలబంద,
మార్చి 31

శంకరూ,

నీ ఉత్తరం ఇక్కడ ఆసుపత్రి ఆయమ్మకి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది.

మాన్‌స్టెరా ఆకుకి ఆ చిల్లులే అందం. వెలుతురు సరిపోయినప్పుడే ఆకు చీలుతుంది. నిండుగా, చిన్నగా, చిల్లు లేకుండా వచ్చిందంటే అది చీకట్లో పుట్టిన ఆకు. కాడ పొడుగ్గా సాగిందా? మొక్క ఒక పక్కకి వాలుతోందా? మూడేళ్లుగా ఆ కిటికీలోంచి తెల్లటి వెలుతురే వచ్చింది, ఎరుపెక్కణ్నుంచి వచ్చింది?

కిటికీకి ఏదో అడ్డం వచ్చి ఉంటుంది. ముందు చేతినీడ చూడు. తర్వాత అడ్డం ఏమిటో చూడు. చూడు అన్నాను. పోట్లాడు అనలేదు.

అక్క

•

మల్కాపురం,
ఏప్రిల్ 17

అక్కా,

బల్లలు చూడటం మానేశాను.

సూర్యుడు ఎవరి సొత్తూ కాదన్న ఆ పుస్తకం వెనక అట్ట తెల్లగా ఉంటే, దాన్నే స్టూలు మీద పెట్టి చెయ్యి చాపాను. నీడ లేదు. నేనొకణ్ని అక్కడ నిలబడి చెయ్యి చాపానన్న సంగతే ఆ అట్టకి తెలియలేదు. కాడ సాగింది. వాలింది కూడా. ఒక ఆకు పసుపెక్కి రాలిపోయిన మాట మార్చిలో నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అయితే దోషిని పట్టుకున్నాను. ఎదురింటి మేడ మీద రేకుల గదిలో ఉండే అర్జునరావు గారు, మన పోతమ్మ పెద్దమ్మ భర్త, రేవులో క్రేన్ నడిపి రిటైరైన ఆయన, గది ముందు వెదురు బొంగులు పాతి నీలం టార్పాలిన్ కట్టాడు. సరిగ్గా మన కిటికీ ఎత్తున. వెళ్లి అడిగాను.

‘‘మా ముసిల్దాని కోసం కట్టాను బాబూ. రేకుల గది కదా, పగలు లోన ఉండలేం. ఈ పరదా కింద కూకుని ఎండుసేపలు ఏరుకుంటాది’’ అన్నాడు.

వెలుతురు ఉమ్మడి ఆస్తి అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు చెప్పాను. ఆయన మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు. నేను సందు ఇవ్వలేదు. మర్నాడు వార్డు సచివాలయంలో ఫిర్యాదు పెట్టాం. మూడు సంతకాలు. మూడోది టీ సభ్యుడిది. ఎవరూ విచారణకి రాకముందే, మూడో రోజు పొద్దున్న అర్జునరావు గారే పరదా విప్పి, నాలుగు మడతలు పెట్టి లోపలికి తీసుకుపోయాడు. కనీసం తిట్టి ఉంటే విజయోత్సాహం కలిగేది.

నాలుగు రోజులైంది. గదిలోకి వెలుతురు ఇంకా రాలేదు. మెల్లిగా వస్తుంది కాబోలు.

ఉమాశంకర్

•

గుమ్మలబంద,
ఏప్రిల్ 26

శంకరూ,

మొక్క సంగతి తర్వాత.

పోతమ్మ పెద్దమ్మ ఇప్పుడు పగలు ఎక్కడ కూర్చుంటోంది?

అక్క

•

మల్కాపురం,
మే 11

అక్కా,

నీ ఒక్క ప్రశ్నకి జవాబు రాయడానికి నాకు పది రోజులు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో నన్ను నేను సమర్థించుకుంటే ఆ వాక్యం కొట్టెయ్యి.

నీ ఉత్తరం వచ్చిన రోజే మేడ ఎక్కి చూశాను. పెద్దమ్మ రేకుల గది గుమ్మంలో, ఉన్న జానెడు నీడలో కాళ్లు ముడుచుకుని కూర్చుని చేపలు ఏరుతోంది. ఎండ జరిగిన కొద్దీ ఆమె కూడా జరుగుతోంది. చూసి కిందికి దిగాను. వెళ్లి ఏమనాలో తెలియలేదు. ఏ కరపత్రంలోనూ అది లేదు.

మే ఆరున మధ్యాహ్నం ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. అర్జునరావు గారు ‘‘ఎవురైనా రండర్రా’’ అని అరిస్తే పరుగెత్తాను. కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనా నేనూ చెరో పక్కా పట్టుకుని మెట్లు దించి ఆటో ఎక్కించాం. ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. రెండు సెలైన్లు ఎక్కించి సాయంత్రానికి పంపేశారు. ఇప్పుడు బాగానే ఉంది. నేను ఆ రెండు సీసాలూ చుక్కచుక్కా అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడ్డాను. ‘‘తప్పైపోయింది పెద్దమ్మా. మా గదిలోకి వెలుతురు రావట్లేదని...’’ అన్నాను.

‘‘ఎలాగొస్తాది నాయినా?’’ అంది. ‘‘నీ కిటికీకి నువ్వే గుడ్డ కట్టీసుకున్నావు కదా!’’

‘‘నేనా?’’

‘‘మరెవులు? రెండు నెల్లై సూత్తన్నాను నాను. ఏటీ కుర్రోడు, అంత పెద్ద గుడ్డ కిటికీ మీదికి ఏలాడేసీసేడు, లోన బాలింతగాని ఉందేటి అని ఈయన్ని అడిగితే, ఈయన ఊరుకోయే అన్నాడు.’’

అర్జునరావు గారి వైపు తిరిగాను. ‘‘మీకూ తెలుసా? ఆ రోజే చెప్పచ్చు కదండీ!’’

‘‘సెప్పడానికి నోరు తెరిసినప్పుడల్లా నువ్వు మాటాడతన్నావు బాబూ’’ అన్నాడు.

ఇంటికి వచ్చి, నువ్వు వద్దన్న పని చేశాను. టేపు పీకి కిటికీ తెరిచాను. నా ముక్కుకి జానెడు దూరంలో, ఎర్రటి ఫ్లెక్సీ మీద ‘హక్కు’ అన్న మాట తిరగబడి కనిపించింది. అక్కా, రెండు నెలలుగా రోజూ వీధిలో నిలబడి ఆ బ్యానర్ని తలెత్తి చూసుకుని మురిశాను. దాని వెనక మన కిటికీ ఉందన్న ఆలోచన ఒక్కసారి రాలేదు. గదిలో నేను చూసి పొంగిపోయిన ఎర్రటి ఉదయం పదిహేనడుగుల ప్లాస్టిక్.

వేదిక అత్యవసర సమావేశం పెట్టాను. నాగవంశీ ఒప్పుకోలేదు.

‘‘ఏటి బావా, ఒక కుండీ మొక్క కోసం బ్యానర్ దించేత్తావా? రేపు పేపరోళ్లొచ్చి వెలుతురు హక్కు ఏమైందని అడిగితే ఏటి సెప్పాలి?’’

‘‘వచ్చిందని చెప్పు’’ అన్నాను.

టీ సభ్యుడు తటస్థంగా ఉన్నాడు. నేనే ఎక్కి తాళ్లు కోశాను. నాగవంశీ ఫ్లెక్సీ చుట్టి భుజాన వేసుకుని, నన్ను లొంగుబాటుదారు అని, తీసుకుపోయి వాళ్ల ఇంటి ముందు కట్టాడు. మూడో రోజు వాళ్లమ్మ కత్తిపీటతో కోసేసింది. ఇప్పుడు ఇద్దరం మాట్లాడుకుంటున్నాం.

అర్జునరావు గారి టార్పాలిన్ మళ్లీ కట్టాం. కట్టడం నేను మొదలుపెడితే ఆయన నా ముడి చూసి నవ్వాడు. ‘‘అలాగ కాదు బాబూ. గాలి లాగితే బిగుసుకోవాల, మనం లాగితే ఊడిపోవాల’’ అని నా వేళ్లు పట్టుకుని వేయించాడు. నాలుగుసార్లు తప్పు వేశాను. ఆయన నాలుగుసార్లూ విప్పాడు. అందాకా నేను ఏమీ మాట్లాడలేదు. నమ్ముతావో లేదో.

సచివాలయానికి వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. వాళ్లు దాన్ని ఇంకా తెరవనే లేదు.

మొక్కకి నువ్వు వెళ్లేటప్పుడు ఏడు ఆకులు. రెండు మేడ మీద మాడ్చాను. ఒకటి పసుపెక్కి రాలింది. నాలుగు ఉన్నాయి, ఆ చిల్లుల్లేని దానితో కలిపి ఐదు. కిటికీ మూసి మళ్లీ టేపు వేశాను. నిన్న పదింటికి చెయ్యి చాపితే మసక నీడ పడింది. ఐదు వేళ్లూ పోల్చుకోగలిగాను.

గది అద్దెకిచ్చెయ్యి అక్కా. మొక్క బతికింది నా వల్ల కాదు, నన్ను తట్టుకుని. మాట్లాడలేని దాన్ని చూసుకోగలవా అని అడిగావు. మాట్లాడగలిగిన ఆయన్నే మాట్లాడనివ్వలేదు నేను.

ఉమాశంకర్

•

గుమ్మలబంద,
మే 24

శంకరూ,

నిన్ను తిట్టాలని గుట్ట ఎక్కి అర్జునరావు గారికి ఫోన్ చేశాను. నీ నంబరు లేదు కనక ఆయన నంబరుకి చేశాను, నీకు ఇమ్మందామని. ఆయన ఇవ్వలేదు. ‘‘ఇప్పుడు వద్దమ్మా, ముళ్లు నేర్చుకుంటన్నాడు’’ అన్నాడు. పెద్దమ్మ ఫోన్ లాక్కుని, ‘‘మీవోడు మంచోడే గానీ సెవులు తర్వాత మొలిసినట్టున్నాయి’’ అంది. దాంతో నేను తిట్టాల్సింది అయిపోయింది.

మొక్క బతికితే గది నీది అన్నాను. ఎవరి వల్ల బతకాలో అనలేదు. గొప్ప త్యాగం చేసి నా మాట నాకే తిప్పి పంపకు. అద్దెకి అడిగినవాళ్లకి లేదని రాసేశాను. పఠన మందిరం పెట్టుకో. కాకపోతే కిటికీ మొక్కది. అలమరా అడ్డం పెట్టకు. వచ్చినవాళ్లని చదవనివ్వు, నువ్వు చదివి వినిపించకు.

నా సెలవు జూన్ ఆఖరుకి జరిగింది. ఇక్కడ మలేరియా మొదలైంది. అప్పటిదాకా కుండీని వారానికోసారి పావు వంతు తిప్పు. ఎప్పుడూ ఒకే పక్కకి వాలనివ్వకు.

అక్క

•

మల్కాపురం,
జూన్ 15

అక్కా,

పఠన మందిరం మొన్న ఆదివారం తెరిచాను. పుస్తకాలు నూట పది. కరపత్రాలు లెక్కపెట్టలేదు. కుర్చీలు నాలుగు, అందులో ఒకటి కుంటిది. దాని మీద నేను కూర్చుంటున్నాను. ప్రారంభోపన్యాసం తొమ్మిది పేజీలు రాసుకుని, నీ ఉత్తరం గుర్తొచ్చి ఒక పేజీకి కుదించాను. సరిగ్గా పదింటికి నాగవంశీ వచ్చి రిబ్బన్ కట్టాడు. మీటింగు ఉందని వెళ్లిపోయాడు. కత్తిరించేవాళ్లు లేక రిబ్బన్ కింది నుంచి దూరి వెళ్లాను.

పదిన్నరదాకా ఎవరూ రాలేదు. పదకొండుకీ రాలేదు. ఒకాయన తొంగిచూసి ఆధార్ జెరాక్స్ తీస్తారా అన్నాడు. మొక్కకి కొత్త ఆకు వస్తోంది అక్కా, ఇంకా చుట్ట చుట్టుకునే ఉంది. చీలికలతో వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఈసారి రాశాక చూసుకోవడం కాదు, చూశాకే రాస్తాను.

పదకొండున్నరకి మెట్ల మీద చప్పుడైంది. పోతమ్మ పెద్దమ్మ. పరదా కట్టినా ఆ వేళకి రేకులు కాగి కూర్చోలేకపోతోందట. చంకలో చేట, చేటలో బియ్యం. గది అంతా ఓసారి కలియజూసి, నాలుగు కుర్చీలూ వదిలేసి, కిటికీ ముందు మొక్క పక్కన నేల మీద చతికిలబడి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

మందిరానికి మొదటి సభ్యురాలు. నాకు గుండె నిండిపోయింది. నీ షరతు మర్చిపోయాననుకో, మర్చిపోలేదనుకో, ఆ ఒక్క పేజీ జేబులోంచి తీసి కిటికీ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను. ‘‘మిత్రులారా’’ అన్నాను.

ఆమె తలెత్తింది. నన్ను చూసింది. మొక్కని చూసింది. చేటలో పడ్డ నా నీడని చూసింది.

‘‘నాయినా, నువ్వెంతసేపైనా మాటాడుకో, నాకేటీ పరవాలేదు. ముందు ఆ ఎలుతురికి అడ్డం జరుగు. ఇక్కడ నాకు బియ్యం కనపడ్డం లేదు, దానికేటి కనపడతాది?’’

జరిగాను.

నీ తమ్ముడు,
ఉమాశంకర్